5 నెలల పాప, రెండున్నరేళ్ల బాబు: 7 మీటర్ల బోటులో తీసుకెళ్లాలంటే ఏమేం చూసుకోవాలి?

కొత్తచుక్కాని

అందరికీ నమస్తే. మాది 7 మీటర్ల కేబిన్ బోటు. వెనక ఒకటే ఔట్‌బోర్డ్ ఇంజిన్, 115 హార్స్‌పవర్, పెట్రోలు. ముందు భాగంలో చిన్న కేబిన్, అందులో వీ ఆకారపు పడక. వెనక తెరిచి ఉండే కాక్‌పిట్ (కూర్చుని నడిపే చోటు), పైన మడిచే బిమినీ కప్పు. కాక్‌పిట్ గోడ నేల నుంచి దాదాపు 65 సెంటీమీటర్లు ఉంటుంది. ముందు డెక్ చుట్టూ స్టీలు కమ్మీ ఉంది.

పాపకు 5 నెలలు, 6.4 కిలోలు. మెడ నిలిచింది, ఇంకా కూర్చోవట్లేదు. బాబుకు రెండున్నరేళ్లు, 13 కిలోలు, ఒక్కచోట నిలవడు. పెద్దవాళ్లం మేమిద్దరమే. పెద్ద అలలు లేని నీళ్లలో, ఒడ్డుకు దగ్గరగా, గంటా రెండు గంటలు తిరిగి, మధ్యలో లంగరు వేసి ఆగుదామని.

అడగాలనుకున్నవి ఇవి. ఇద్దరికీ లైఫ్ జాకెట్ ఏ సైజు? పాపను కారు సీటులో పెట్టి బోటు సీటుకు కట్టేయొచ్చా, లేక గుండెకు కట్టుకునే బేబీ క్యారియర్ మేలా? కేబిన్‌లో పడుకున్నప్పుడు కూడా జాకెట్ ఉండాలా? బాబుకు హార్నెస్ (ఒంటి చుట్టూ వేసే పట్టీలు) వేసి తాడుతో కట్టేస్తే సరిపోతుందా? కమ్మీకి వల కట్టించమని ఒకరు సలహా ఇచ్చారు, అది పనికొస్తుందా?

లంగరుతాడు

ముందు పాప సంగతి. నా మాట సూటిగా: పాపను ఇప్పుడే తీసుకెళ్లొద్దండీ. సరిపోయే లైఫ్ జాకెట్ దొరికేదాకా పసిపిల్లలను బోటు ఎక్కించొద్దని అమెరికా కోస్ట్ గార్డ్ చెబుతుంది. చాలామంది పిల్లలకు అది కనీసం 4 నెలలు, 18 పౌండ్లు, అంటే 8 కిలోల పైచిలుకు దగ్గర కుదురుతుంది. మీ పాప వయసు దాటింది కానీ బరువు చాలదు. అంతకన్నా తక్కువ బరువు పేరుతో అమ్మే జాకెట్లు ఉన్నాయి. వాటి చిక్కు ఏమిటంటే, పసిపిల్లలకు ఒంటితో పోలిస్తే తల బరువు, మెడ కండరాలు బలహీనం, పైగా కాళ్లూ చేతులూ కొట్టుకుంటారు. మంచి జాకెట్ వేసినా బోర్లా పడిన పసిబిడ్డను అది ప్రతిసారీ వెల్లకిలా తిప్పుతుందన్న నమ్మకం లేదు. ఇంకొన్ని నెలలు ఆగితే బరువూ వస్తుంది, కూర్చోవడమూ వస్తుంది.

సైజు చూసేది బరువుతో, వయసుతో కాదు. అమెరికా లేబుళ్లలో 30 పౌండ్ల (13.6 కిలోలు) లోపు ఇన్‌ఫెంట్, 30 నుంచి 50 పౌండ్లు (సుమారు 14-23 కిలోలు) చైల్డ్. యూరప్ వాటి మీద 5-10, 10-20 కిలోలు అన్నట్టుగా రాసి ఉంటుంది. మీ బాబు 13 కిలోలతో సరిగ్గా అంచున ఉన్నాడు. ఇక్కడే అందరూ తప్పటడుగు వేస్తారు, ఎలాగూ పెరుగుతాడు కదా అని పై సైజు కొంటారు. వదులు జాకెట్ నీళ్లలో పైకి తేలి చెవుల దాకా వస్తుంది, పిల్లవాడు కిందికి జారతాడు. ఇప్పటికి చిన్న సైజే తీసుకోండి, 13.6 దాటిన రోజు మార్చండి.

మీ పిల్లల వయసుకు కావలసినవి: లోపల ఫోమ్ ఉన్న జాకెట్ (గాలి నిండే రకం అసలు వద్దు), తల వెనక మందపాటి కాలర్, ఆ కాలర్‌కు పట్టుకుని లాగడానికి గట్టి పిడి, కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ, కళ్లకు కొట్టొచ్చే రంగు. నీలం, తెలుపు నీళ్లలో కలిసిపోతాయి. ఐఎస్‌ఓ 12402 ప్రమాణం ఉన్నవాటిలో 100 న్యూటన్ల (నీటిలో తేల్చే బలం కొలత) రకం చూడండి. 50 న్యూటన్లవి ఈత వచ్చినవాళ్ల కోసం, అవి మొహాన్ని పైకి తిప్పవు. చేతులకు వేసే గాలి బుడగలు, మెడ రింగులు ఆట వస్తువులు, జాకెట్‌కు బదులు కావు.

కొన్నాక పరీక్ష ఇలా:

1. పలచటి బట్టల మీద వేసి బకిల్స్ అన్నీ పెట్టండి. నడుము పట్టీ ముందు బిగించి, తర్వాత పైవి. కాళ్ల మధ్య పట్టీలో ఒకటి రెండు వేళ్లు దూరేంత వదులు చాలు.
2. భుజాల దగ్గర జాకెట్ పట్టుకుని మెల్లగా పైకెత్తండి. గడ్డం, చెవులు జాకెట్‌లోకి కూరుకుపోతే అది పెద్దది.
3. మీ నడుము లోతు గోరువెచ్చని నీళ్లలో ఒకరు ఎదురుగా నిలబడి, చంకల కింద పట్టుకుని నెమ్మదిగా భారం వదలండి. నోరు నీటికి స్పష్టంగా పైన ఉండాలి, ఒళ్లు కాస్త వెనక్కి వాలాలి. బోర్లా వదిలి చూసే ప్రయోగాలు పసిపిల్లలతో చేయొద్దు.
4. పిడి పట్టుకుని నీళ్లలోంచి ఎత్తి చూడండి. పిడి కుట్టు, బకిల్స్ ఆ బరువు ఆపాలి.

మూడు నెలలకోసారి, లేదా బరువు రెండు కిలోలు పెరిగినప్పుడు ఇదంతా మళ్లీ. ముఖ్యంగా కాళ్ల మధ్య పట్టీ. పిల్లలు విసుక్కుంటున్నారని చాలామంది దాన్ని పెట్టకుండా వదిలేస్తారు, అది లేకపోతే పై పరీక్షలన్నీ దండగ.

బాబు మొదటిసారి వేసుకోగానే గోల చేస్తాడు. వారం ముందు నుంచి ఇంట్లో ఆడుకునేటప్పుడు రోజూ పది పదిహేను నిమిషాలు వేయండి. బయల్దేరిన రోజు రేవు మెట్ల దగ్గరే వేయాలి, బోటు ఎక్కాక కాదు. రేవు అంచు, ఎక్కే చోటు రెండూ బోటంత ప్రమాదమే. మీ ఒంటి మీద జాకెట్ లేకుండా వాడి ఒంటి మీద నిలవదు, అదీ గుర్తుంచుకోండి.

గాలివాటు

జాకెట్ గురించి పైన చెప్పినదానికి కలపాల్సింది లేదు. మిగతా రెండింటికి నా జవాబు.

కారు సీటు: వద్దు. రోడ్డు మీద అది కాపాడేది ఢీకొన్నప్పుడు. బోటులో ప్రమాదం వేరు, బోటు తిరగబడటం, మునగడం, ఎగిరి నీళ్లలో పడటం. సీటుకు కట్టేసిన బిడ్డ బోటుతోపాటు నీళ్ల కిందికి పోతుంది. కట్టకుండా వదిలినా, ప్లాస్టిక్ డొప్ప, పట్టీల మధ్య ఇరుక్కున్న బిడ్డతో సీటు నీళ్లలో తలకిందులయ్యే వీలుంది. పట్టీల బకిల్ విప్పడానికి నేల మీదే రెండు చేతులూ కావాలి.

గుండెకు కట్టుకునే క్యారియర్: అదీ వద్దు. బిడ్డకు జాకెట్ వేస్తే క్యారియర్‌లో పట్టదు, క్యారియర్‌లో పెడితే జాకెట్ వేయలేరు. మీ జాకెట్ కూడా సరిగా మూసుకోదు. నీళ్లలో పడితే మీరు వెల్లకిలా తేలకపోతే బిడ్డ మొహం మీ ఛాతీకీ నీళ్లకీ మధ్య ఉంటుంది. రేవు దాకా నడవడానికి వాడుకోండి, బోటు అంచు దగ్గర తీసేయండి.

మరి పాప ఎక్కడ? 8 కిలోలు దాటి జాకెట్ సరిపోయాక, కింద కూర్చున్న పెద్దవాళ్ల ఒడిలో. చోటు: బోటు పొడవులో మధ్య నుంచి కాస్త వెనక్కి, వీలైనంత కింద, గోడకు వీపు ఆనించి. అక్కడ కుదుపు తక్కువ. ముక్కు భాగం ప్రతి అలకూ లేచి పడుతుంది, అక్కడ కూర్చున్నవాళ్లు ముందుకు జారితే నేరుగా బోటు కిందికి, తర్వాత ప్రొపెల్లర్ మీదికి. నడుస్తున్న బోటులో ముందు డెక్ మీద ఎవరూ ఉండకూడదు, పెద్దవాళ్లతో సహా. స్టీరింగ్ పట్టుకున్నవాళ్ల ఒడిలోనూ పిల్లలు వద్దు.

వేగం గురించి ఎవరూ అడగరు కానీ అసలు దెబ్బ అక్కడే. 115 హార్స్‌పవర్‌తో మీ బోటు సులువుగా నీటి మీదికి లేచి పరుగెడుతుంది. ఆ పరుగులో ఒక చిన్న అల తగిలినా కింది నుంచి గుద్దినట్టుంటుంది. పెద్దవాళ్లకు అది నడుము నొప్పి, పసిబిడ్డకు మెడ మీద దెబ్బ. చిన్నపిల్లలు ఉన్నంతసేపు బోటు ముక్కు లేవకుండా, నీళ్లను చీల్చుకుంటూ పోయే నిదానం చాలు. ఎదుటి బోటు లేపిన అల వస్తే ఇంకా తగ్గించి, దానికి ఏటవాలుగా, 45 డిగ్రీల దగ్గర దాటించండి. దాటేముందు "అల వస్తోంది" అని గట్టిగా చెప్పండి, పట్టుకునేవాళ్లు పట్టుకుంటారు.

ఇక మీకు నచ్చని మాట. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు కుదరదు. నడిపేవాళ్లు నడపడానికే, వాళ్లను పిల్లల లెక్కలో వేయకూడదు. నడుస్తున్న బోటులో ఇలాంటి ఒక్కో పిల్లకు ఒక్కో మనిషి, నడిపేవాళ్లు వేరు. మీకు మూడో పెద్దమనిషి కావాలి, లేదా ఒక్క బిడ్డను ఇంట్లో వదలాలి. అందరూ చూస్తున్నారనుకుంటే ఎవరూ చూడరు కాబట్టి, అప్పగింత నోటితో జరగాలి. "బాబు నీ దగ్గర" అంటే, "బాబు నా దగ్గర" అని తిరిగి చెప్పాకే చెయ్యి వదలాలి. ఫోన్ తీయాలన్నా, లంగరు లాగాలన్నా ముందు ఈ మాట.

ఎక్కేటప్పుడు బిడ్డను ఎత్తుకుని రేవుకూ బోటుకూ మధ్య సందు దాటొద్దు. ఒకరు బోటులోకి దిగి, కూర్చుని, రెండు చేతులూ చాపాలి, రెండోవాళ్లు రేవు మీద నుంచి అందించాలి. దిగేటప్పుడూ ఇంతే.

ఇంజిన్ ఆపే ఎర్ర తాడు, అదే కిల్ స్విచ్ తాడు, నడిపేవాళ్ల కాలికో నడుముకో ఎప్పుడూ తగిలించి ఉండాలి. నడిపే మనిషి నీళ్లలో పడితే, పిల్లలతో బోటు తనంతట తను తిరుగుతూ ఉంటుంది, అంతకంటే ఘోరం లేదు. ఇంకో తాడు అదనంగా అందే చోట ఉంచండి. రెండో మనిషికి ఇంజిన్ ఆపడం, మళ్లీ స్టార్ట్ చేయడం, లంగరు వేయడం, వీహెచ్‌ఎఫ్ రేడియోలో సాయం పిలిచే 16వ ఛానల్ పట్టుకోవడం వచ్చి తీరాలి. చాలా ఇళ్లలో ఒక్కరికే అన్నీ వచ్చు, రెండోవాళ్లు బిడ్డను ఎత్తుకుని కూర్చుంటారు.

నీడపట్టు

ఎండ, దాహం, కడుపు సంగతి నేను చెబుతాను.

బిమినీ ఉందని ధైర్యపడొద్దు. అది పై నుంచి వచ్చే ఎండనే ఆపుతుంది. నీళ్ల మీద నుంచి, నురగ మీద నుంచి అతినీలలోహిత కిరణాలు పక్కల నుంచి తగులుతాయి, ఆకాశం నుంచి చెదిరి వచ్చేవి వేరే. పొద్దున పెందలాడే, లేదా సాయంత్రం పోండి. 10 నుంచి 4 మధ్య ఈ వయసు పిల్లలతో నీళ్ల మీద ఉండక్కర్లేదు. పొడుగు చేతుల పలచటి చొక్కా, మెడ వెనక కూడా కప్పే టోపీ. 6 నెలల లోపు పిల్లలకు నీడ, బట్టలే మొదటి రక్షణ, సన్‌స్క్రీన్ కాదు. బాబుకు ఎస్‌పీఎఫ్ 30 లేదా ఆపైన, బయల్దేరే ముందు 15-30 నిమిషాలకు, తర్వాత రెండు గంటలకోసారి, నీళ్లలో తడిస్తే వెంటనే మళ్లీ. చెవుల పైభాగం, పాదాల పైన, మెడ వెనక అందరూ మరిచిపోయే చోట్లు.

నీడ కోసం బిడ్డ మంచం మీద దుప్పటి కప్పొద్దు. గాలి ఆడక లోపల వేడి చేరుతుంది. ఫోమ్ జాకెట్ వేసిన బిడ్డ మామూలుకన్నా తొందరగా వేడెక్కుతుంది, చేతుల్ని బట్టి కాక మెడ వెనక, ఛాతీ తాకి చూడండి. ఆ చోట్లు వేడిగా, చెమటగా ఉండి బిడ్డ సోలిపోతుంటే బోటు తిప్పేయడమే. 6 నెలల లోపు పాపకు విడిగా మంచినీళ్లు పట్టొద్దు, పాలే ఎక్కువసార్లు ఇవ్వండి. బాబు అడిగేదాకా ఆగకుండా ప్రతి ఇరవై నిమిషాలకూ నాలుగు గుక్కలు తాగించండి. రోజంతా కలిపి తడిసిన డైపర్లు మామూలుకన్నా తగ్గినా, మూత్రం ముదురు రంగులో ఉన్నా నీళ్లు చాలలేదని గుర్తు.

చలి కూడా అంతే త్వరగా పడుతుంది. చిన్న ఒంటికి బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ, అందుకే వేడి ఇట్టే పోతుంది. వెచ్చని రోజున కూడా తడి బట్టలతో గాలిలో కూర్చుంటే వణుకు మొదలవుతుంది. మరీ చిన్న పిల్లలు వణకరు కూడా, మందకొడిగా అయిపోతారు. ఒక్కొక్కరికి రెండు జతల పొడి బట్టలు, ఒక టోపీ, తువ్వాలు, ఇవన్నీ మూతి చుట్టి బిగించే నీళ్లు చొరని సంచిలో పెట్టుకోండి.

సముద్రపు వికారం రెండేళ్ల లోపు పిల్లలకు అరుదు, ఆ తర్వాతే మొదలై పన్నెండేళ్ల దాకా ఎక్కువగా ఉంటుంది. మీ బాబు ఆ గుమ్మంలోనే ఉన్నాడు. ఆవలింతలు, మొహం పాలిపోవడం, ఒక్కసారిగా మౌనం అయిపోవడం వాంతికి ముందు వస్తాయి. కేబిన్ నుంచి బయటికి తెచ్చి, దూరంగా ఒడ్డు చూపించండి, బొమ్మల పుస్తకం తీసేయండి. పెద్దవాళ్ల మాత్ర ముక్క చేసి ఇవ్వడం మాత్రం చేయకండి. ముఖ్యంగా ప్రోమెథజీన్ రెండేళ్ల లోపు పిల్లలకు ఇవ్వకూడదు, ఊపిరి మందగించి ప్రాణం మీదికి వస్తుంది. రెండు దాటినా డాక్టర్ బరువు చూసి రాసిన మోతాదు ఉంటేనే.

ఇంజిన్ మోత పక్కన గంటసేపు కూర్చోబెడితే చెవులకు మంచిది కాదు. పిల్లల సైజులో చెవులు మూసే హెడ్‌సెట్‌లు వస్తాయి. కూర్చున్నచోట గొంతు పెంచకపోతే మాట వినబడట్లేదంటే అవి కావాలి.

కొత్తచుక్కాని

ఇంత వివరంగా చెప్పినందుకు చాలా థాంక్సండీ. పాపను ఇప్పటికి ఆపేస్తాం, మా అత్తగారు చూసుకుంటారు. ముందు బాబు ఒక్కడితోనే వెళ్తాం, కాబట్టి ఒకరు నడిపితే ఒకరు వాడితో. తాడు, వల, నిద్ర గురించి కూడా చెప్పండి. ఇంకొకటి, లంగరు వేశాక వెనక నిచ్చెన దగ్గర బాబును నీళ్లలో దింపొచ్చా?

తెరచాప

తెరచాప పడవల వాళ్లు పిల్లలకు హార్నెస్ వేసి కట్టడం మామూలే. ఐఎస్‌ఓ 12401 ప్రమాణంలో 20 కిలోల లోపు పిల్లలకు విడిగా ఒక సైజు ఉంది. కానీ పద్ధతి ఉంది. తాడు బోటు మధ్యలో గట్టి కొక్కేనికి కట్టాలి, అంచున ఉన్న కమ్మీకి కాదు. పొడవు ఎంతంటే, పిల్లవాడు ఏ వైపు పరుగెత్తినా అంచు దాటి అవతలికి పడలేనంత. అంచు దాటి వేలాడేంత పొడుగు ఉంటే ఆ తాడే ప్రమాదం, నడుస్తున్న పడవ పక్కన మొహం నీళ్లలో ఈడ్చుకుపోతుంది. కొక్కేలకు రెండు కదలికలతో తెరుచుకునే రకం కావాలి, పెద్దవాళ్లు ఒక్క చేత్తో విప్పగలగాలి. లైఫ్ జాకెట్ మీది పిడికీ, బెల్టుకూ తాడు కట్టడం తప్పు, అది ఆ లాగుడుకు చేసింది కాదు.

వల కడితే ముడులు లేని నైలాన్ లేదా పాలియెస్టర్, కన్ను 5 సెంటీమీటర్ల లోపు. కింద డెక్ అంచు వెంబడి ఒక తాడు, పైన కమ్మీ, రెండింటికీ వలను ప్రతి కన్నులోంచీ అల్లుకుంటూ పోవాలి. ప్లాస్టిక్ జిప్ టైలతో కడితే ఎండకు పెళుసెక్కి ఒక్కసారిగా తెగుతాయి. కింద సందు ఉంటే పిల్లలు సరిగ్గా అక్కడి నుంచే జారతారు. వల దారాన్ని వేలితో రుద్దితే పొడి రాలుతోందంటే మార్చే టైమ్ వచ్చింది.

గాలివాటు

తెరచాప గారూ, మీ పడవలకు అది సరే. కింద బరువున్న కీల్ ఉంటుంది, ఒరిగినా లేస్తుంది. ప్రశ్న అడిగినవారిది తేలికైన ఔట్‌బోర్డ్ బోటు. అది తిరగబడితే లేవదు, తాడుతో కట్టిన పిల్లవాడు కింద ఉండిపోతాడు. ఇలాంటి బోటులో పిల్లలను దేనికీ కట్టకూడదన్నది నా గట్టి అభిప్రాయం. కట్టాలనిపిస్తోందంటే ఆ రోజు నీళ్లు గానీ, మనుషుల సంఖ్య గానీ సరిపోలేదన్నమాట.

65 సెంటీమీటర్ల గోడ విషయం కూడా. రెండున్నరేళ్ల పిల్లవాడికి నేల మీద నిలబడితే అది ఛాతీ దాకా వస్తుంది, బానే ఉంది. సీటు మీద నిలబడితే మోకాళ్ల దగ్గరికి వస్తుంది. అందుకే నియమం ఒక్కటే, సీటు కూర్చోవడానికి, పాదాలు నేల మీద. కూలర్ పెట్టె, సంచులు గోడ పక్కన పెడితే అవే మెట్లవుతాయి, మధ్యలోకి జరపండి.

తెరచాప

ఒప్పుకుంటాను, తేలిక పవర్‌బోటుకు తాడు వద్దు. వల కూడా వాళ్ల బోటులో లంగరు వేసి ఆగినప్పుడే అక్కరకొస్తుంది, ఎందుకంటే నడుస్తుండగా ముందు డెక్ మీదికి పిల్లలు ఎలాగూ పోకూడదు. పైగా వల అడ్డు కంచె మాత్రమే, పెద్దమనిషి బరువు ఆపదు. నడక, ఎక్కడం నేర్చినవాడికి అది నిచ్చెన కూడా. ముందు ఆ డబ్బు మంచి జాకెట్‌కు పెట్టండి.

నిద్ర: బోటు కదులుతున్నప్పుడు కేబిన్‌లో ఒంటరిగా పడుకోబెట్టొద్దు. వీ పడక బోటు ముక్కులో ఉంటుంది, కుదుపు అక్కడే ఎక్కువ. కాక్‌పిట్‌లో జాకెట్‌తో ఒడిలో కునుకు తీస్తే, పెద్దవాళ్లు మెలకువగా ఉండి, బిడ్డ గడ్డం ఛాతీకి ఆనకుండా, ముక్కూ నోరూ కనబడేలా పట్టుకోవాలి. లంగరు వేసి నిలిచాక కేబిన్‌లో పడుకోబెట్టాలంటే మందపాటి జాకెట్ తీసేయండి, దాంతో ఒత్తుకుని, వేడెక్కి ఊపిరాడదు. గట్టి పరుపు, వెల్లకిలా, దిండూ మెత్తలూ లేకుండా. పడక పక్కన కట్టే గుడ్డ అడ్డు పెద్దపిల్లలకు సరే, ఏడాదిలోపు బిడ్డ దానికీ పరుపుకీ మధ్య ఇరుక్కుంటే ఊపిరాడదు. పాపకు మున్ముందు చిన్న మడత మంచం కేబిన్ నేల మీద కట్టుకోండి, అదే కదలిక తక్కువ చోటు. లేవగానే కేబిన్ గుమ్మం దాటకముందే జాకెట్.

ఇంజిన్‌గది

నిచ్చెన ప్రశ్న బావుంది, అక్కడే రెండు పెద్ద ప్రమాదాలు కలిసి ఉన్నాయి.

మొదటిది ప్రొపెల్లర్. నీళ్లలోకి ఎవరైనా దిగేముందు ఇంజిన్ పూర్తిగా ఆపి, తాళంచెవి తీసి జేబులో వేసుకోవాలి. న్యూట్రల్ చాలదు, గేరు కేబుల్ సర్దుబాటు తప్పితే న్యూట్రల్‌లోనూ ప్రొపెల్లర్ నెమ్మదిగా తిరుగుతుంది, ఎవరి మోచేయో తగిలి లివర్ గేరులోకి పడొచ్చు. అందరూ పైకొచ్చాక తలలు లెక్కపెట్టి, తర్వాతే తాళంచెవి పెట్టాలి. బాబు ఒక్కడే దిగకూడదు, ముందే నీళ్లలో ఉన్న పెద్దమనిషి చేతిలోకే. పైన ఇంకొకరు ఉండాలి. మీరు ఇద్దరే కాబట్టి నీళ్లలో ఉన్నవాళ్లు పిల్లవాడిని, పైవాళ్లు బోటును చూసుకుంటారు. ప్రవాహం ఉన్న చోట అసలొద్దు. తేలే తాడు ఒకటి వెనక వదిలి ఉంచండి. మామూలు డైపర్ నీళ్లు పీల్చి రాయిలా బరువెక్కుతుంది, ఈత డైపర్ వేరే దొరుకుతుంది.

రెండోది కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. పెట్రోలు ఇంజిన్ పొగ వెనక భాగంలో, నీళ్లకు కాస్త పైన పేరుకుంటుంది, పిల్లవాడి ముక్కు సరిగ్గా ఆ ఎత్తులోనే. నిదానంగా పోతున్నప్పుడు, వెనక గాలి వీస్తున్నప్పుడు, ముందు తెరలు మూసి వెనక తెరిచి ఉన్నప్పుడు ఆ పొగ కాక్‌పిట్ లోపలికి లాగబడుతుంది. పైన నిదానంగా పొమ్మన్నారు, సరైనదే, కానీ అప్పుడు బిమినీ ముందు తెర తెరిచి గాలి పారనివ్వండి. పిల్లలు తొందరగా ఊపిరి తీస్తారు కనక పెద్దవాళ్లకంటే ముందే విషం ఎక్కుతుంది. తలనొప్పి, వాంతి, మగత చూసి "పడవ పడలేదు" అనుకుంటారు, తేడా తెలియడానికి ఒక గుర్తు: నీళ్లు ప్రశాంతంగా ఉన్నా ఒకరికి మించి ఇలా ఉంటే ముందు పొగనే అనుమానించాలి. ఇంజిన్ ఆపి, అందర్నీ గాలిలోకి తేవాలి. కేబిన్‌లో పడవల కోసం చేసిన కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టండి, ఇంటికి చేసినది తేమకూ కుదుపుకూ తట్టుకోదు. పక్క బోటు ఇంజిన్ ఆన్‌లో ఉంటే 6 మీటర్ల దూరమైనా ఉంచండి.

పెట్రోలు పోయించుకునేటప్పుడు పిల్లలు ఒడ్డు మీదే. మూత బిగించి, ఆవిరి పోయాకే ఎక్కించండి.

ఇంకొన్ని చిన్నవి, బోటులో కింద కూర్చుని పిల్లవాడి ఎత్తులో ఒకసారి చూస్తే మీకే కనబడతాయి. గాలాల పెట్టె తాళం. లంగరును లాగే మర (విండ్‌లాస్) కాలి బటన్ మీద మూత, విద్యుత్ స్విచ్ ఆఫ్, వేళ్లు నలిగేది అక్కడే. పైకప్పు మూతలు గాలికి పడిపోకుండా కొక్కెం. ఎర వేసిన చేపల తొట్టి, నీళ్లున్న బకెట్ ఖాళీ చేయండి, చిన్నపిల్లలు మునగడానికి కొన్ని సెంటీమీటర్ల నీళ్లు చాలు. రిమోట్లలోని నాణెం బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే గొంతు లోపల కాలిపోతుంది, వాటి మూత స్క్రూ బిగించి ఉందో లేదో చూడండి. ఔట్‌బోర్డ్ పైభాగం వేడిగా ఉంటుంది, వెనక సీటు మీద నుంచి చెయ్యి అందుతుంది.

లంగరుతాడు

పిల్లవాడు నీళ్లలో పడితే ఎవరేం చేయాలో వెళ్లేముందే మాట్లాడుకోండి, తర్వాత ఒక జాకెట్‌లో బరువు పెట్టి నీళ్లలో వేసి సాధన చేయండి. చూసిన మనిషి వేలు చూపిస్తూనే ఉండాలి, కళ్లు తిప్పకూడదు, "పడ్డాడు" అని అరవాలి. నడిపేవాళ్లు వెంటనే న్యూట్రల్, బోటు వెనక భాగం పిల్లవాడికి దూరంగా తిరిగేలా స్టీరింగ్ వాడున్న వైపే తిప్పాలి. తేలేది ఏది చేతికందితే అది విసరాలి. దగ్గరికి వచ్చాక ఇంజిన్ ఆపి, కాలర్ పిడితో పైకి లాగాలి. మీరు ఇద్దరే ఉన్నప్పుడు ఇద్దరూ దూకకూడదు, ఒకరు బోటులో ఉండాలి. మునిగేవాళ్లు అరుస్తారు, చేతులూపుతారు అన్నది అబద్ధం, చిన్నపిల్లలు చప్పుడు లేకుండా నిమిషం లోపే మునిగిపోతారు.

పైకి తెచ్చాక ఊపిరి లేకపోతే తలకిందులుగా పట్టడం, పొట్ట నొక్కడం చేయకండి, నీళ్లు బయటికి రప్పించే ప్రయత్నంలో సమయం పోతుంది. నీళ్లలో మునిగినవాళ్లకు ముందు ఊపిరి కావాలి. తల కొద్దిగా వెనక్కి వంచి, నోటితో యూరప్ పద్ధతిలో 5 ఊపిరులు (అమెరికా పద్ధతిలో 2), తర్వాత ఒక్కరే ఉంటే ఛాతీ మీద 30 నొక్కులకు 2 ఊపిరులు, శిక్షణ పొందినవాళ్లు ఇద్దరుంటే 15కు 2. నిమిషానికి 100-120 నొక్కులు, ఛాతీ లోతులో మూడో వంతు, అంటే ఏడాదిలోపు బిడ్డకు 4, పెద్ద పిల్లవాడికి 5 సెంటీమీటర్లు. బొమ్మ మీద చేతులతో చేసి నేర్చుకోండి, చదివితే రాదు, ఇద్దరూ నేర్చుకోవాలి. ఊపిరి తిరిగొచ్చి బాగానే కనబడినా ఆస్పత్రికి తీసుకెళ్లాలి, దగ్గు, ఆయాసం గంటల తర్వాత ముదరొచ్చు.

సాయం పిలవడం: వీహెచ్‌ఎఫ్‌లో డీఎస్‌సీ (ఆపద సంకేతం పంపే) ఎర్ర బటన్ మూత తీసి అయిదు సెకన్లు నొక్కి పట్టి, 16వ ఛానల్‌లో "మేడే" మూడుసార్లు, బోటు పేరు, ఉన్న చోటు, మనుషులెంతమంది, అందులో పిల్లలెంతమంది. ఈ మాటలు ఒక కార్డు మీద రాసి రేడియో పక్కన అంటించండి. ఆ బటన్ బాబు చేతికి అందని ఎత్తులో ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోండి.

కొత్తచుక్కాని

ఔట్‌బోర్డ్ న్యూట్రల్‌లో ప్రొపెల్లర్ కదులుతోందో లేదో ఎలా పరీక్షించాలి?

ఇంజిన్‌గది

బోటు రేవుకు ముందూ వెనకా గట్టిగా కట్టి, వెనక నీళ్లలో ఎవరూ లేరని చూసుకుని, ఇంజిన్ స్టార్ట్ చేసి న్యూట్రల్‌లో రెండు నిమిషాలు ఉంచండి. వెనక నీళ్లు చిలికినట్టు ఒకే వైపు కదులుతున్నా, కట్టిన తాళ్లు ఒక దిక్కుకు బిగుస్తున్నా గేరు కేబుల్ సర్దుబాటు చేయించాలి. చలికాలం చల్లటి ఇంజిన్‌తో ఒకసారి, వేడెక్కాక ఒకసారి చూడండి, రెండింటికీ తేడా ఉంటుంది. అది సరయ్యేదాకా బోటు దగ్గర ఈత లేదు.